కాపురమునకు సాక్ష్యము

(లిలువాలో జరిగిన సంఘ సమావేశమున చేసిన ప్రసంగము)



ఈ సంఘపు వేదికమీద పోతన భక్తిని గూర్చియో, గురజాడ సంస్కారదృష్టిని గూర్చియో ప్రసంగించుట పరిపాటి. నన్ను మాత్రము కార్యదర్శిగారు ఒక దరఖాస్తును గూర్చి మాటలాడుమని కోరిరి. విదేశమున స్థిరపడిన భర్త తన భార్యకు, లేదా భార్య తన భర్తకు, అచ్చట శాశ్వత నివాసము కల్పింపుమని ఆ దేశ ప్రభుత్వమును కోరుకొను దరఖాస్తు అది. వాడుకలో దీనిని స్పాన్సర్‌షిప్పు అందురు. మనలో పలువురి పిల్లలు కెనడాలోనో, అమెరికాలోనో ఉన్నారు. సంబంధము కుదిరిన యింట ముహూర్తము తరువాత వినవచ్చు మొదటి ప్రశ్న "వీసా ఎప్పుడు వచ్చును?" అనునదే. కావున ఇది మన సంస్కృతికి వెలియైన విషయమని నేను తలంపను.

నేను న్యాయవాదిని కాను. సాహిత్యము చదివి పట్టభద్రుడనై, ఇరువదియేండ్లుగా సచివాలయమున దస్త్రముల నడుమ గడపుచున్నవాడను. ఇతరులు వ్రాసికొన్న దరఖాస్తులను చదువుటయే నా వృత్తి. బల్లకు ఆవలివైపున కూర్చున్న అధికారి ఏమి చూచును, ఏమి చూడజాలడు అను దృష్టితో మాత్రము ఈ విషయమును వివరింతును. నేను చెప్పదలచినది ఒక్కటే. మన వివాహమునకు సాక్షులు మనుష్యులు. విదేశాధికారికి సాక్షులు కాగితములు. ఈ రెంటికిని పొత్తు కుదుర్చుట అవసరము. ఆ పని ఏజెంటుది కాదు, అల్లునిది మాత్రమే కాదు. పయనమై పోవు అమ్మాయిది.

నన్నయగారి భారతమున శకుంతల దుష్యంతుని కొలువున నిలిచినపుడు ఆమె చేతిలో ఏ ఆధారమును లేదు. గాంధర్వ వివాహమునకు బంధువులు సాక్షులు కారు. రాజు ఎరుగననెను. తుదకు ఆకాశవాణి పలికి ఆమెను నిలిపెను. కాళిదాసు నాటకములో ఆ స్థానమును ఉంగరము ఆక్రమించినది. ఉంగరము నీటిపాలైనంతనే ఇల్లాలు పరాయిదైనది. కథ పాతదైనను చిక్కు నేటిది. భర్త యున్న దేశపు గుమ్మము కడ నిలిచి "నేనితని భార్యను" అను స్త్రీ పక్షమున పలుకువారెవరు?

ఉద్యోగులమైన మనకు ఈ చిక్కు కొత్తది కాదు. రైల్వే పాసులో భార్య పేరు చేర్పవలెనన్న కుటుంబ వివరములు ప్రకటించి సంతకము చేయవలెను. క్వార్టరు, వైద్యము, కుటుంబ పింఛను అన్నియు ఆ ప్రకటనను అనుసరించియే నడచును. నలువదియేండ్లు కాపురము చేసిన ఇల్లాలి పేరు సర్వీసు పుస్తకములో ఒక విధముగను, ఆధారు కార్డులో వేరొక విధముగను ఉండుటచేత, భర్త పోయిన పిమ్మట ఆమె కచేరీల చుట్టు తిరుగుట చూడనివారు మనలో అరుదు. స్వదేశముననే ఇట్లుండగా, మన ముఖమెరుగని పరదేశములో కాగితమునకు గల విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

అసలు ఈ దరఖాస్తు పెట్టుకొను హక్కే ఒకప్పుడు మనవారికి లేదు. స్వదేశమునుండి నడుమ ఆగక ఒకే ప్రయాణమున వచ్చినవారినే రానిత్తుమని 1908లో కెనడా నియమము చేసెను. భారతదేశమునుండి వచ్చువారికి అట్టి ప్రయాణము సాధ్యము కాకుండుటయే ఆ నియమమునందలి మర్మము. 1914లో 376 మందితో వాంకూవరు చేరిన కోమగాట మారు ఓడను రెండు నెలలు రేవున నిలిపి, కొలదిమందిని తప్ప తక్కినవారినందరిని త్రిప్పి పంపిరి. ఆ ఓడ తుదకు వచ్చి చేరినది ఈ హుగ్లీ నదిమీదనే, మనకు దిగువనున్న బజ్‌బజ్‌లో. అచ్చటి కాల్పులలో పలువురు ప్రాణములు కోల్పోయిరి. కెనడాలో అంతకుమున్నే స్థిరపడిన భారతీయులు సహితము తమ భార్యలను రప్పించుకొనలేకపోయిరి. అట్టివారు భార్యను, మైనరు బిడ్డలను తెచ్చుకొనవచ్చునని 1918లో లండనునందు జరిగిన ఇంపీరియల్ వార్ కాన్ఫరెన్సు తీర్మానించినది; 1919లో కెనడా దానిని అంగీకరించినది.

మన తెలుగునేలకు చెందిన ఉదాహరణము మరియొకటి కలదు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1919లో శేషగిరిగారిని వివాహమాడి, 1923లో మామగారి సాయముతో అమెరికా వెడలిరి. ఆ సంవత్సరము ఫిబ్రవరిలోనే, భారతీయులు పౌరసత్వమునకు అర్హులు కారని అమెరికా సుప్రీముకోర్టు తీర్పు చెప్పియుండెను. పౌరసత్వార్హత లేనివారు వలసదారులుగా దేశమున అడుగిడరాదని 1924 నాటి చట్టము శాసించినది. ఫోలిక్ ఆమ్లము, బోదవ్యాధికి వాడు హెట్రజాను, ఆరియోమైసిను వంటి ఔషధముల వెనుక నిలిచిన ఆ మహాశాస్త్రజ్ఞుడు 1948లో న్యూయార్కు రాష్ట్రమున కన్నుమూయువరకు స్వదేశమునకు తిరిగి రాలేదు. శేషగిరిగారు అచ్చటికి పోలేదు. ఆ దంపతుల ఎడబాటునకు చట్టమొక్కటియే కారణమని చెప్పుట నా ఉద్దేశము కాదు. కాని శాశ్వత నివాసము కోరి ఆ ఇల్లాలు దరఖాస్తు పెట్టదలచినను, 1924 మొదలు 1946 వరకు అట్టి దరఖాస్తునకు తావే లేకుండెను. 1946లో అమెరికా భారతీయులకు పౌరసత్వార్హతను, సంవత్సరమునకు 100 మందికి ప్రవేశమును ఇచ్చినది. జాతులవారీ కోటాలను తొలగించిన చట్టము 1965లో వచ్చినది. నేడు ఫారములు ఎక్కువైనవని విసుగుకొనువారు, ఫారమే లేని కాలమొకటి ఉండెనని జ్ఞప్తియందుంచుకొనవలెను.

ఇక నేటి పద్ధతి. కెనడాను ముఖ్యముగా తీసికొని, అమెరికాతో పోల్చి చెప్పుదును. కెనడా పౌరుడు గాని, శాశ్వత నివాసి గాని, 18 ఏండ్లు నిండినవాడు తన భార్యకు స్పాన్సరు కావచ్చును. శాశ్వత నివాసియైనచో ఆ దేశముననే నివసించుచుండవలెను. వైకల్యము కారణముగా తప్ప ప్రభుత్వ సంక్షేమ ధనముపై ఆధారపడి యుండరాదు. తానే ఒకరి భార్యగనో భర్తగనో స్పాన్సరు చేయబడి వచ్చినవారు, శాశ్వత నివాసము పొందినది మొదలు అయిదేండ్లవరకు మరియొక జీవితభాగస్వామికి స్పాన్సరు కారాదు. భార్య అచ్చట శాశ్వత నివాసియైన దినమునుండి మూడేండ్లు ఆమె అన్నవస్త్రాదుల భారము వహింతునని భర్త పూచీపత్రము వ్రాసియీయవలెను. క్యూబెక్ రాష్ట్రమున కొన్ని నియమములు వేరు. ఈ పూచీ ఉద్యోగము పోయినను పోదు, విడాకులైనను పోదు. ఇది ప్రభుత్వమునకు వ్రాసిచ్చు బాండు అని మన ఉద్యోగభాషలో గ్రహించిన చాలును.

అమెరికాలో పౌరుని భార్యకు సంవత్సరపు సంఖ్యాపరిమితి లేదు. గ్రీనుకార్డు గల శాశ్వత నివాసి భార్యకు కలదు. అచ్చటి పూచీపత్రమునకు సాధారణముగా పేదరికపు మట్టముపై నూటికి 125 వంతుల ఆదాయము చూపవలెను. ఆ పూచీ మూడేండ్లతో తీరునది కాదు. భార్య పౌరురాలగువరకో, సుమారు పదియేండ్ల పనికాలము లెక్కకు వచ్చువరకో సాగును. వివాహమై రెండేండ్లు నిండకమునుపే శాశ్వత నివాసము లభించినచో, 1986 నాటి చట్టమునుబట్టి అది రెండేండ్ల షరతుతో కూడియుండును. గడువు ముగియుటకు ముందటి 90 దినములలో ఇద్దరును కలసి ఆ షరతును తీసివేయుమని కోరుకొనవలెను. ఇచ్చట తల్లిదండ్రులు పొరబడు విషయమొకటి కలదు. పనివీసాపై నున్న అల్లుని వెంట అమ్మాయి ఆశ్రిత వీసాతో పోవుట వేరు, శాశ్వత నివాసము పొందుట వేరు. మొదటిది భర్త కొలువుతో ముడిపడియుండును. రెండవది ఆమె పేరిట నిలుచును. మనది ఏ దరఖాస్తు అని సంబంధము నిశ్చయమగునాడే అడిగి తెలిసికొనుట అమర్యాద కాదు.

కెనడా అధికారి దస్త్రము తెరచినపుడు అతని ముందు రెండు ప్రశ్నలుండును. ఈ దాంపత్యము నిజమైనదా? ఇది ముఖ్యముగా ఆ దేశమున నివాసము సంపాదించుటకై జరిగినదా? 2010లో సవరించిన నియమమునుబట్టి ఈ రెంటిలో ఏ ఒక్కదానియందు ప్రతికూలమైనను దరఖాస్తు నిలువదు. 5532 సంఖ్యగల ఫారమున వారడుగు ప్రశ్నలు మన పెండ్లిపెద్దలు అడుగు ప్రశ్నలే: పరిచయము చేసినవారెవరు, మొదట కలిసినదెన్నడు, పెండ్లికి వచ్చిన బంధువులెవరు, అటుపిమ్మట ఇద్దరును ఎట్లు మాటలాడుకొనుచున్నారు. పెద్దలు కుదిర్చిన వివాహమున వధూవరుల పరిచయము కొలది దినములదే యని మనవారు సిగ్గుపడి, లేని ప్రణయకథను అల్లుదురు. అది తగదు. పెండ్లిచూపుల తేదీ, తాంబూలముల తేదీ, సంబంధము తెచ్చిన మేనత్త పేరు ఉన్నదున్నట్లు వ్రాయుడు. మన ఆచారము వివరించి చెప్పినచో వారికిని అర్థమగును. అల్లిన కథ రెండవ ప్రశ్నకే వీగిపోవును.

పెండ్లి జరిగిన మరునాటినుండియే ఆధారములను భద్రపరచుట మేలు. ప్రయాణపు టికెట్లు, ఒకరికొకరు పంపుకొన్న ధనపు రసీదులు, ఫోను సంభాషణల వివరములు, ఇరువైపుల కుటుంబములతో దిగిన ఛాయాచిత్రములు ఇందుకు ఉపకరించును. ఛాయాచిత్రములు నూరు పంపుటకంటె, ఎవరు ఎవరో క్రింద వ్రాసిన ఇరువది పంపుట మంచిది. తెలుగులోనున్న ప్రతి కాగితమునకును ఇంగ్లీషు అనువాదము జతపరుపవలెను. ఇంగ్లీషు ఎంత చక్కగ వచ్చినను కుటుంబసభ్యులు చేసిన అనువాదమును కెనడావారు అంగీకరింపరు.

వివాహపు నమోదును గూర్చి కొంత వివరముగా చెప్పవలసియున్నది. 1955 నాటి హిందూ వివాహచట్టముననుసరించి, సప్తపది ఆచారముగా గలవారికి ఏడవ అడుగుతో వివాహము సంపూర్ణమగును. నమోదు ఆ వివాహమునకు సాక్ష్యమే గాని, అదియే వివాహము కాదు. ఏ మతమువారి వివాహమైనను నమోదు కావలెనని సుప్రీముకోర్టు 2006లో ఆదేశించినది. అంతకుముందే, 2002లో, ఆంధ్రప్రదేశ్‌లో నమోదును నిర్బంధము చేయు చట్టము వచ్చినది. కనుక నమోదు చేయించుట విధి. అయితే ఇటీవల మన యిండ్లలో ఒక అలవాటు పెరిగినది. వీసాకు కాలము కలిసివచ్చునని ముందుగా రిజిస్ట్రేషను చేయించి, పెండ్లి మాఘమాసమున పెట్టుకొనుచున్నారు. 2024 ఏప్రిలులో న్యాయమూర్తులు బి. వి. నాగరత్న, ఆగస్టీన్ జార్జి మసీహ్ గార్లు ఇట్టి వ్యవహారముపైననే తీర్పునిచ్చిరి. వివాహవిధి జరుగకయే పత్రము పుచ్చుకొన్న ఒక జంట విషయమున, ఆ పత్రమునకు విలువ లేదనియు, వారు హిందూ వివాహచట్టము క్రింద భార్యాభర్తలు కారనియు తేల్చిరి. విదేశపు వీసాకొరకు తల్లిదండ్రులే ఇట్టి నమోదులకు ఒప్పుకొనుటను ఆక్షేపించిరి. నడుమ సంబంధము చెడినచో ఆ అమ్మాయి కాగితముమీద భార్య, ధర్మమున అవివాహిత, చట్టమున ఏదియు తేలని మనిషి యగును. తొందరపడి తెచ్చుకొన్న కాగితము సాక్ష్యము కాక ఉచ్చగును. తొందర ఉన్నవారికి, విధులతో పని లేకయే వివాహము జరిపించు 1954 నాటి ప్రత్యేక వివాహచట్టము కలదు. అందు ముందుగా 30 దినముల నోటీసు ఈయవలెను.

తేదీల చిక్కు మన తెలుగువారికి ప్రత్యేకమైనది. మన ముహూర్తములు తరచుగా అర్ధరాత్రి దాటిన పిదప వచ్చును. పంచాంగమున దినము సూర్యోదయముతో మారును. ఇంగ్లీషు తేదీ అర్ధరాత్రి మారును. శుభలేఖలో శనివారము రాత్రి అని యుండును. నమోదు పత్రమున ఆదివారపు తేదీ యుండును. అడిగినపుడు అమ్మాయి ఒకటి చెప్పును, అబ్బాయి మరియొకటి చెప్పును. నా ఎరుకలోని యొక యింట ఇదే జరిగినది. మీ వివాహపు తేదీలు పొసగుటలేదు, సమాధానమీయుడని లేఖ వచ్చినది. తండ్రి దిగులుపడి ఏజెంటు నొకనిని పట్టుకొనగా, శుభలేఖయే కొత్తది అచ్చువేయించి పంపుదమని అతడు సలహా చెప్పినాడు. అమ్మాయి అంగీకరింపలేదు. తానే ఒక పుటలో మన దినగణనమును వివరించి, ఆ నాటి పంచాంగపు పుటకు అనువాదము చేయించి జతపరచి పంపినది. కొన్ని నెలలకు అనుమతి వచ్చినది. కొత్త శుభలేఖ పంపియుండినచో అది కల్పితపత్రమగును. అసత్యము పట్టుబడినచో కెనడా చట్టమునుబట్టి అయిదేండ్లు ఆ దేశమున ప్రవేశార్హత పోవును. పొరపాటునకు సమాధానము కలదు, కూటపత్రమునకు లేదు.

పేర్ల విషయమును అట్టిదే. ఇంటిపేరు ముందు వ్రాయుట మన వాడుక. పాస్‌పోర్టులో దానికి వేరు గడి యుండును. కొన్నింట పొట్టి అక్షరములు, కొన్నింట పూర్తిపేరు, పెండ్లియైన పిదప మారిన ఇంటిపేరు, ఇవి అన్నియు కలసి ఒక్క మనిషిని ముగ్గురిని చేయును. దరఖాస్తునకు ముందే పాస్‌పోర్టు, పదవతరగతి పత్రము, వివాహపత్రము పక్కపక్కన పెట్టుకొని చూచి, తేడా యున్నచోట ప్రమాణపత్రము సిద్ధపరచుకొనవలెను.

దాచుటవలన కలుగు కీడు మరియొకటి కలదు. శాశ్వత నివాసము కోరునపుడు తన భార్యను గాని, బిడ్డలను గాని ప్రకటింపక, ఆ కారణమున వారు పరీక్షింపబడకుండ తాను ముందు చేరినవాడు, అటుపిమ్మట వారికి స్పాన్సరగుట కెనడా నియమములనుబట్టి సాధ్యము కాదు. మినహాయింపులు స్వల్పము. అవివాహితుడనని చెప్పిన దరఖాస్తు త్వరగా తెములునని, అది నడచుచుండగానే చాటుగా పెండ్లి చేసికొని పోవు వరులున్నారు. ఆ ఒక్క గడిలో దాచిన మాటకు మూల్యము చెల్లించునది ఇచ్చట మిగిలిన భార్య.

చివరకు ముఖ్యవిషయమునకు వచ్చుచున్నాను. "అల్లుడుగారు అన్నియు చూచుకొనుచున్నారు, మన అమ్మాయి సంతకము పెట్టిన చాలును" అని మనలో పలువురు తృప్తి పడుదురు. సచివాలయమున నేను నేర్చిన మొదటి పాఠము, చదువని కాగితముపై సంతకము చేయరాదనునది. ఆ దరఖాస్తున ఆమె జీవితమే వ్రాయబడియున్నది. ప్రతి పుటయు ఆమె చదువవలెను. ప్రతి పుటకును నకలు ఆమెయొద్ద ఉండవలెను. దరఖాస్తు సంఖ్య ఆమెకు తెలియవలెను. పాస్‌పోర్టు ఆమె చేతిలోనే ఉండవలెను. డబ్బు పుచ్చుకొని కెనడా దరఖాస్తులు నడపుటకు ఆ దేశపు న్యాయవాద సంఘముల సభ్యులకును, క్యూబెక్ నోటరీలకును, ఆ దేశపు కన్సల్టెంట్ల కళాశాలలో సభ్యత్వము గలవారికిని మాత్రమే అధికారము కలదనియు ఆమె ఎరుగవలెను.

హక్కులను సహితము తెలిసికొని పోవలెను. స్పాన్సరు యజమాని కాడు. 2012లో కెనడా కొత్త దంపతులకు రెండేండ్ల కాపురపు షరతు పెట్టినది. హింసకు లోనైన స్త్రీలు భయముచే నోరు మెదపలేకపోవుచున్నారను ఆక్షేపణలు రాగా, 2017లో దానిని రద్దు చేసినది. నిజమైన వివాహముతో శాశ్వత నివాసియైన స్త్రీ, కాపురము చెడినంతమాత్రమున ఆ హక్కు కోల్పోదు. అమెరికాలో షరతు గల కాలమున భర్త హింసించినను, సద్బుద్ధితో జరిగిన వివాహము విడాకులతో ముగిసినను, ఆమె ఒంటరిగా అర్జీ పెట్టుకొను వీలు చట్టమున కలదు. "నిన్ను వెనుకకు పంపెదను" అను బెదిరింపు అన్నివేళల నిజము కాదని పోవుటకు ముందే తెలిసిన అమ్మాయి వేరు, తెలియని అమ్మాయి వేరు. స్వదేశమున విడిచిపెట్టబడిన స్త్రీలకు జాతీయ మహిళా కమిషనులో 2009నుండి ప్రత్యేక విభాగము పనిచేయుచున్నది. స్పాన్సరు దరఖాస్తు విదేశమునుండి పెట్టగా తిరస్కరింపబడినచో, కెనడాలో భర్త అప్పీలు చేసికొనుటకు 30 దినముల గడువు కలదు. తిరస్కారపు లేఖను దిగులుతో పెట్టెలో దాచినచో ఆ గడువు జారిపోవును.

సోదరీమణులారా, మన పెండ్లిలో అరుంధతిని చూపుదురు. పగటి ముహూర్తమైనచో నక్షత్రము కనబడకున్నను కనబడినదనిపింతురు. విదేశాధికారి కచేరీలో మాత్రము కనబడనిది కనబడినదని చెప్పరాదు, కనబడినదానిని దాచరాదు. మంగళసూత్రమునకు సాక్షులమై అక్షతలు చల్లిన మనము, ఆ బిడ్డ తన కాగితములను తాను చదివి, తన మాట తాను చెప్పుకొనగలుగునట్లు చేసి పంపుదము. సారెతోపాటు ఆమె పేరిట ఒక మంచి ఫైలు కుట్టి ఇచ్చుట నేటి తల్లిదండ్రుల ధర్మమని మనవి చేయుచున్నాను.